కాంట్రాక్టర్ పని సగంలో వదిలేస్తే: ముందు కొలత, తర్వాతే మాట

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. వనస్థలిపురంలో 150 గజాల్లో పాతికేళ్ల నాటి ఇల్లు. షాబాద్ బండలు తీసేసి టైల్స్, రెండు బాత్‌రూమ్‌లు, వంటగది, కొత్త వైరింగ్, చివర్లో రంగులు, మొత్తం మెటీరియల్‌తో కలిపి 9,40,000కి మాట్లాడుకున్నారు. ఇప్పటికి 7,00,000 ఇచ్చేశారు. మూడు వారాలుగా కాంట్రాక్టర్ రావడం లేదు. ఎప్పుడైనా ఫోన్ ఎత్తితే "ఇంకో లక్ష వేయండి మేడమ్, సోమవారం లేబర్‌ని దింపుతా" అంటున్నాడు. పై బాత్‌రూమ్‌లో టైల్స్ వేసి నీళ్లు వదిలిన దగ్గర్నుంచి కింద హాల్ సీలింగ్‌లో తడి మరక కనిపిస్తోంది. మీ వారు పుణెలో, మీరు మోకాళ్ల నొప్పులున్న అత్తగారితో అద్దె ఇంట్లో. శ్రావణంలో పాలు పొంగించాలని అనుకున్నారు. లక్ష ఇవ్వాలా, వేరే వాళ్లని పెట్టుకోవాలా, పోలీసు కంప్లయింట్ ఇవ్వాలా అని అడిగారు.

లక్ష ఇవ్వకండి. ఎందుకో చెబుతాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ భవనాల పనులు చూశాను. రిటైరయ్యాక తెలిసినవాళ్ల ఇళ్లకి కొలతలు తీసి, ఇంటివాళ్లకీ కాంట్రాక్టర్‌కీ మధ్య కూర్చుని లెక్క తేల్చే పని చాలాసార్లు చేశాను. ఇలాంటి గొడవ రాగానే అందరూ మొదట మనిషి మంచివాడా, మోసగాడా అని ఆలోచిస్తారు. ఆ సంగతి తర్వాత చూడొచ్చు. ముందు తేలాల్సింది ఒక్కటే. మీ డబ్బు ముందు నడుస్తోందా, అతని పని ముందు నడుస్తోందా?

మీరు పెట్టిన కొటేషన్ కాగితంలో ఆరు లైన్లున్నాయి, అది మీ అదృష్టం. చాలామందికి ఒకే అంకె ఉంటుంది. పగలగొట్టి చెత్త ఎత్తడానికి 60,000, రెండు బాత్‌రూమ్‌లకు 2,80,000, వైరింగ్‌కి 1,20,000, వంటగదికి 1,30,000, ఫ్లోరింగ్‌కి 2,20,000, రంగులకు 1,30,000. మీరు చెప్పినదాన్ని బట్టి పగలగొట్టడం పూర్తయింది, కాబట్టి 60,000. కింది బాత్‌రూమ్‌కి 1,40,000 వేసుకుని, ఇంకా బిగించని కమోడ్, కుళాయిలు, గీజర్ పాయింట్ల కోసం 30,000 తీస్తే 1,10,000. పై బాత్‌రూమ్ కారుతోంది, అది అతనే బాగు చేసిస్తాడనుకుని ఇంకో 1,10,000 వేద్దాం. వైర్లు సగం లాగారు, 60,000. ఫ్లోరింగ్ సగం, 1,10,000. వంటగది సున్నా, రంగులు సున్నా. సైట్‌లో ఉన్న టైల్స్ బాక్సులు, వైర్ బండిళ్లు కలిపి ఓ 40,000 అనుకోండి. అంతా కలిపితే 4,90,000. మీరిచ్చింది 7,00,000. అంటే 2,10,000 మీ డబ్బు ముందు నడుస్తోంది.

ఇప్పుడు అదే లెక్కని అతని వైపు నుంచి చూడండి. ఇంకా 4,50,000 విలువైన పని చేయాలి. మీ దగ్గర్నుంచి రావాల్సింది 2,40,000 మాత్రమే. మీ ఇంటికి వచ్చిన ప్రతి రోజూ అతని జేబులోంచి పోతుంది. అందుకే రావడం లేదు. లక్ష ఇస్తే ఆ తేడా 3,10,000 అవుతుంది, అతను రాకపోవడానికి ఇంకో లక్ష కారణం దొరుకుతుంది. ఆ లక్ష మీ ఇంటి వైరింగ్‌కి కూడా రాదు. చిన్న కాంట్రాక్టర్లు ఈ సైట్ డబ్బు ఆ సైట్‌కి, ఆ సైట్ అడ్వాన్స్ ఇంకో సైట్ శనివారం బట్వాడాకి తిప్పుతూ ఉంటారు. మోసం చేయాలని మొదలుపెట్టినవాళ్లు కొందరే. ఎక్కువమంది తక్కువకి ఒప్పుకుని, మధ్యలో డబ్బు సరిపోక, మొహం చూపించలేక తప్పుకునేవాళ్లు. మీ మనిషి రెండో రకం అని నాకనిపిస్తోంది, ఎందుకంటే మొదటి రెండు నెలలు పని బాగానే నడిచిందని రాశారు. రెండో రకం అయితే దారి ఉంది.

ఇకమీదట అతనితో ఫోన్‌లో మాట్లాడినా, కాల్ అయిన వెంటనే వాట్సాప్‌లో ఒక్క లైన్ పెట్టండి: "ఇప్పుడు మీరు సోమవారం వస్తానన్నారు, లక్ష అడిగారు, పని చూసి ఇస్తానని చెప్పాను." తిట్టొద్దు, బెదిరించొద్దు. మీరు కోపంలో పెట్టిన ఒక్క వాయిస్ మెసేజ్‌ని రేపు అతను అందరికీ వినిపిస్తాడు. తాళం చెవి అతని దగ్గర ఉంటే తాళం మార్చండి. మార్చిన వెంటనే "సామాను భద్రం కోసం తాళం మార్చాను, మీరు ఏ రోజు వస్తారో ముందురోజు చెబితే నేనే వచ్చి తీస్తాను" అని రాయండి. ఆ లైన్ లేకపోతే "పని చేద్దామని వెళ్తే మేడమ్ తాళం వేసుకున్నారు" అంటాడు. ఈ మాట నేను కనీసం నాలుగు పంచాయితీల్లో విన్నాను.

కొత్త మనిషి ఎవరూ ఒక్క ఇటుక కూడా కదపకముందే కొలతలు, ఫొటోలు అయిపోవాలి. ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి తీయండి. టేపు గోడకి ఆనించి, అంకె కనపడేలా తీయండి. మిగిలిన టైల్స్ బాక్సులు లెక్కపెట్టి, బాక్సు మీది బ్యాచ్ నంబరు ఫొటో తీయండి. ఇది చాలామంది వదిలేస్తారు. అదే డిజైన్ టైల్ మళ్లీ కొన్నా బ్యాచ్ మారితే రంగు కొంచెం తేడా వస్తుంది, సగం హాల్ ఒక రంగు, సగం ఇంకో రంగు అయి కూర్చుంటుంది. తర్వాత ఒక సివిల్ ఇంజనీర్‌ని పిలిచి, ఫీజు ఇచ్చి, ఏ పని ఎంత అయింది, ఏది సరిగా లేదు అని సంతకంతో రెండు పేజీలు రాయించుకోండి. ఈ పని ఇంకో కాంట్రాక్టర్‌తో చేయించకండి. అతనికి మీ ఇంట్లో మిగిలిన పని కావాలి, కాబట్టి పాత పని అంతా చెత్తే అంటాడు.

కొలతల దగ్గర ఒక మాట. రంగులు, ప్లాస్టరింగ్ చదరపు అడుగు లెక్కన కట్టేటప్పుడు తలుపులు, కిటికీల ఖాళీని తీసేయాలా వద్దా అని పెద్ద గొడవ అవుతుంది. దీనికి ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది, ఐఎస్ 1200 అనే కొలతల ప్రమాణంలో. ప్లాస్టరింగ్‌లో అర చదరపు మీటరు, అంటే దాదాపు ఐదున్నర చదరపు అడుగుల లోపు ఖాళీకి ఏమీ తీయరు. అక్కడి నుంచి మూడు చదరపు మీటర్ల వరకు, అంటే సుమారు 32 చదరపు అడుగుల దాకా, గోడకి రెండు వైపులా ఒకే పని చేసి ఉంటే ఒక వైపే తీస్తారు. రెండో వైపు తీయనిది ఆ ఖాళీ అంచుల పనికి సరిపోతుందని. అంతకంటే పెద్దదైతే రెండు వైపులా తీసి అంచులు విడిగా కొలుస్తారు. మామూలు 3 బై 7 తలుపు 21 చదరపు అడుగులు కాబట్టి ఒక వైపే. ఇది చెబితే మంచి మేస్త్రీ ఎవరూ వాదించరు, వాళ్లకీ తెలుసు.

ఇప్పుడు ఆ తడి మరక సంగతి. మీ లెక్కలో అన్నింటికన్నా పెద్ద ప్రశ్న అదే, దాని గురించి కాస్త ఎక్కువగా రాస్తాను.

బాత్‌రూమ్ కింద తడి వస్తే నీళ్లు మూడు చోట్ల నుంచి రావచ్చు. గోడలో కొత్తగా వేసిన కుళాయి పైపు, నేలలో నీళ్లు పోయే నహానీ ట్రాప్, దాని పైపు అతుకులు, లేదా నేల మీది వాటర్‌ప్రూఫింగ్. ఈ మూడింటికీ ఖర్చు మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది, కాబట్టి ఊహించి పగలగొట్టకూడదు. ముందు ఆ బాత్‌రూమ్‌కి వచ్చే నీటి వాల్వ్ కట్టేసి, ఎవరూ వాడకుండా నాలుగైదు రోజులు వదిలేయండి. సంకెన్‌లో, అంటే బాత్‌రూమ్ నేల కింద పల్లంగా వదిలిన చోట, నింపిన ఇటుక ముక్కల్లో నీళ్లు నిలిచి ఉంటే వాల్వ్ కట్టినా కొన్నాళ్లు దిగుతూనే ఉంటాయి, తొందరపడొద్దు. మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తారీఖు వేయండి. గీత దాటి తడి పెరగడం ఆగాక వాల్వ్ తెరవండి, కానీ బాత్‌రూమ్ వాడకండి. ఒక రోజు ఆగండి. గీత దాటి తడి పెరిగితే కుళాయి పైపుదే తప్పు. ప్లంబర్‌ని చేతి పంపుతో ప్రెషర్ టెస్ట్ చేయమనండి. పంపు మీటరు ముల్లు దిగిపోతుంటే ఎక్కడో అతుకు వదిలిందని అర్థం.

తడి పెరగకపోతే రెండో పరీక్ష. తడి గుడ్డని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నహానీ ట్రాప్ నోట్లో బిగించి కూరండి. గడప దాటకుండా నేల మీద అంగుళం లోతు నీళ్లు నింపండి. గోడ మీద నీటి మట్టం దగ్గర గీత పెట్టి 48 గంటలు వదలండి. వాటర్‌ప్రూఫింగ్ సరిగా చేసినవాళ్లు టైల్స్ వేయకముందే ఈ పరీక్ష చేసి చూపిస్తారు, మీ దగ్గర చేశారేమో కనుక్కోండి. 48 గంటలకీ కింద పొడిగా ఉంటే నేల బాగానే ఉందని అర్థం. అప్పుడు నీళ్లు తోడేసి, గుడ్డ తీసి, నాలుగు బకెట్లు నేరుగా ట్రాప్‌లోకే పోయండి. తడి వచ్చిందంటే ట్రాప్ అతుకే.

గుంటూరులో మా చెల్లెలి ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. చేసిన కాంట్రాక్టర్ "పై ట్యాంకు నుంచి వస్తోంది" అన్నాడు. చూడ్డానికి వచ్చిన కొత్తవాడు "మొత్తం పగలగొట్టాలి, లక్షా పది వేలవుతుంది" అన్నాడు. చెల్లెలు ఒప్పేసుకుంది కూడా. నేను వెళ్లి ట్రాప్ మూసి నీళ్లు నింపాను, రెండు రోజులు చుక్క దిగలేదు. గుడ్డ తీసి మూడో బకెట్ పోసేసరికి కింద సీలింగ్‌లో పాత మరక మధ్యలో కొత్త చుక్క మెరిసింది. ట్రాప్ చుట్టూ రెండడుగులు తవ్వితే తెలిసింది. పైపుని ట్రాప్‌లోకి అతికించే సొల్యూషన్ పెట్టకుండా ఉత్తినే దోపి, చుట్టూ సిమెంట్ మెత్తేశారు. వేలు పెడితే పైపు కదిలింది. నాలుగు టైల్స్, ఒక ట్రాప్, ఒకరోజు ప్లంబర్, ఒకరోజు మేస్త్రీతో అయిపోయింది. మిగిలిన టైల్స్ నాలుగు దాచి ఉంచడం వల్ల అతుకు కూడా కనపడదు.

ఈ పరీక్షలన్నీ కాంట్రాక్టర్‌కి ముందే చెప్పి చేయండి. "ఫలానా రోజు ఉదయం పదింటికి నీళ్లు నింపుతున్నాం, మీరు వచ్చి చూడండి" అని మెసేజ్ పెట్టండి. అతను రాకపోయినా ఆ మెసేజ్, వీడియో మీ దగ్గరుంటాయి. పనిలో పనిగా రూపాయి బిళ్లతో ప్రతి టైల్ మీదా నాలుగు మూలలూ, మధ్యలో కొట్టి చూడండి. గట్టి శబ్దం వస్తే సరే, డొల్లగా మోగితే కింద మాలు నిండలేదు. గోడ టైల్ అంచున కొంచెం డొల్ల ఉంటే నేను పట్టించుకోను. నేల మీది టైల్ సగానికి సగం డొల్లగా ఉంటే మాత్రం రేపు బకెట్ జారి పడితే పగులుతుంది, మార్పించాలి. నేల వాలు చూడటానికి రసమట్టం అక్కర్లేదు. ఒక మగ్గు నీళ్లు తలుపు దగ్గర పోసి, ఎటు పోతాయో, ఎక్కడ నిలుస్తాయో చూస్తే చాలు.

గోడలు ఇంకా తెరిచే ఉన్నాయి కాబట్టి వైరింగ్ ఇప్పుడే చూసుకోవాలి. వైరు మీద పొడుగునా సైజు, ఐఎస్ఐ గుర్తు ముద్రించి ఉంటాయి. లైట్లు, ఫ్యాన్లకి 1.5, మామూలు పవర్ సాకెట్లకి 2.5, ఏసీకి, గీజర్‌కి 4 చదరపు మిల్లీమీటర్లు ఉందో లేదో చూడండి. ప్రతి సాకెట్ పెట్టెలోకీ ఆకుపచ్చ ఎర్త్ వైరు వచ్చిందా లేదా చూడండి, డబ్బు అయిపోయిన కాంట్రాక్టర్ మొదట మిగిల్చుకునేది దాన్నే. గోడ మీద పైపులు ఎటు పోతున్నాయో టేపు పెట్టి ఫొటోలు తీసి దాచుకోండి, పదేళ్ల తర్వాత మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి. ఒక్క విషయం మాత్రం జాగ్రత్తగా చూడండి. కటింగ్ మెషిన్‌తో గాడి కొట్టేటప్పుడు బీమ్‌ని గానీ పిల్లర్‌ని గానీ కోశారా? ఎక్కడైనా ఇనుప చువ్వ బయటికి కనపడుతుంటే దాని మీద ఎవరినీ ప్లాస్టర్ చేయనివ్వకండి. స్ట్రక్చరల్ ఇంజనీర్ చూసేదాకా అక్కడ పని ఆగాలి.

కొలతల కాగితం చేతికొచ్చాక అతన్ని పిలవండి. మీరు ఫోన్ చేస్తే ఎత్తకపోవచ్చు, తాపీ మేస్త్రీ ద్వారా కబురు పెట్టండి. మేస్త్రీకి కూడా అతను బాకీ ఉండే ఉంటాడు. మీ వారిని ఆ రోజు వీడియో కాల్‌లో ఉండమనండి. ఇంకో పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి, పక్కింటివారైనా సరే. మాట ఇలా మొదలుపెట్టండి: "అన్నా, తప్పొప్పులు తర్వాత. ఇదిగో లెక్క. ఇందులో ఏ అంకె తప్పో చెప్పు." అతను రెండు మూడు చోట్ల పెంచమంటాడు. న్యాయంగా ఉంటే ఒప్పుకోండి. మధ్యలో మీరు అదనంగా చెప్పిన పనులుంటే, మీరు రాసిన కప్‌బోర్డ్ గోడ లాంటివి, వాటి డబ్బు అతనికి చేర్చండి. ఈ అదనపు పనుల దగ్గర ఇంటివాళ్లు కూడా అన్యాయం చేస్తారు. "చిన్న పనే కదా" అని పదిసార్లు చెప్పి, చివర్లో పైసా ఇవ్వమంటారు. మీరు అలా చేయరని నమ్మకం ఉంది.

లెక్క ఒప్పుకున్నాక నా సలహా ఏంటంటే, మెటీరియల్‌తో కలిపిన ఒప్పందాన్ని అక్కడితో ఆపేసి, మిగిలిన పనిని లేబర్ కాంట్రాక్ట్‌గా మార్చండి. సిమెంట్, ఇసుక, వైరు, కుళాయిలు మీరే షాపులో మీ పేరు మీద బిల్లుతో కొనండి. పనికి మాత్రం ప్రతి శనివారం, ఆ వారం పూర్తయినంత వరకే ఇవ్వండి. అప్పుడు అతనికి మీ ఇంటికి వచ్చిన వారం డబ్బు కనపడుతుంది, రాని వారం కనపడదు. ముందుకెళ్లిన 2,10,000 ఒకేసారి తీసేస్తే మళ్లీ మాయమవుతాడు. ప్రతి వారం బిల్లులో కొంత చొప్పున తగ్గించుకుంటూ రండి. మొత్తం వెనక్కి రాదేమో కూడా, కొంత పోగొట్టుకోవడానికి మనసుని సిద్ధం చేసుకోండి. కొత్త మనిషిని పెడితే అతను పాత పని చూసి పెంచి చెప్పేది కూడా అంతకి తక్కువ ఉండదు. చివరి బిల్లులోంచి ఓ పదో వంతు ఆపి, ఒక వానాకాలం దాటాక ఇస్తానని రాసుకోండి. ప్రభుత్వ పనుల్లో డబ్బు పట్టి ఉంచేది ఇందుకే.

కాగితం తెల్ల కాగితమైనా చాలు, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. ఏ పని ఏ తారీఖుకి, ఏ సరుకుతో, ఎంతకి అన్నది రాయండి. ఆలస్యానికి రోజుకి పది వేలు జరిమానా లాంటివి రాయించకండి. కోర్టు న్యాయంగా అయిన నష్టం వరకే ఇప్పిస్తుంది, ఆ అంకె చూస్తే అతను సంతకమే పెట్టడు. గడువుల్లో పండగలు కూడా లెక్కేసుకోండి. సంక్రాంతికి శ్రీకాకుళం, పాలమూరు వైపు మేస్త్రీలు ఊళ్లకి పోతారు, హోలీకి, ఛఠ్‌కి టైల్స్, మార్బుల్ వేసే ఉత్తరాది కుర్రాళ్లు పోతారు. పది రోజులు ఎవరూ ఉండరు, అది కాంట్రాక్టర్ తప్పు కాదు.

కూలీల గురించి అడగలేదు గానీ వస్తుంది, చెప్పేస్తాను. ఒకరోజు మేస్త్రీ మీ గుమ్మంలో నిలబడి "మాకు మూడు వారాల కూలి ఇవ్వలేదు, మీరే ఇప్పించండమ్మా" అంటాడు. నిజమే అయి ఉంటుంది. వాళ్ల పొట్ట కొట్టకూడదు. కానీ మీరు చేతికి ఇచ్చేస్తే కాంట్రాక్టర్ "ఎవరివ్వమన్నారు, నా లెక్కలో కలపను" అంటాడు. మేస్త్రీ ముందే అతనికి ఫోన్ చేసి, "ఇంత మేస్త్రీకి నేరుగా ఇస్తున్నాను, నీ బాకీలో తగ్గిస్తాను, సరేనని మెసేజ్ పెట్టు" అనండి. మెసేజ్ వచ్చాక ఫోన్‌పే ద్వారానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి, నగదు వద్దు.

ఇంత చేసినా అతను రాకపోతే నోటీసు. మొదటిది లాయర్‌తో కాకుండా మీరే రాయొచ్చు: "ఫలానా తేదీన 9,40,000కి ఒప్పుకున్న పనికి నేను 7,00,000 చెల్లించాను. ఇంజనీర్ కొలతల ప్రకారం పూర్తయిన పని, సైట్‌లో ఉన్న సరుకు విలువ ఇంత. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో పని తిరిగి మొదలుపెట్టండి, లేదా ఎక్కువగా తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వండి. లేకపోతే మిగిలిన పని వేరేవారితో చేయించి, ఆ అదనపు ఖర్చు మీ నుంచి రాబట్టుకుంటాను." వాట్సాప్‌లో పెట్టండి, పోస్టులోనూ పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. ఆ 15 రోజులు దాటేదాకా కొత్తవాళ్లని దింపకండి. ఇది చాలా ముఖ్యం. గడువు ఇవ్వకుండా వేరేవాళ్లని పెడితే తప్పు మీ వైపు తిరుగుతుంది.

పోలీసుల విషయం. స్టేషన్‌కి వెళ్తే "ఇది సివిల్ మేటర్ అమ్మా" అంటారు, చాలావరకు అది నిజమే. మొదటి రోజే మోసం చేయాలన్న ఉద్దేశం ఉంటేనే అది చీటింగ్ అవుతుంది. పని మొదలుపెట్టి మధ్యలో ఆపడం ఒప్పందం తప్పడమే. మీరు కొన్న సరుకు ఎత్తుకెళ్లినా, ఇంటికొచ్చి బెదిరించినా మాత్రం ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి. బిల్డర్ల ప్రాజెక్టులను నియంత్రించే రెరాకి వెళ్దామని మీ తమ్ముడు అన్నారట. సొంత ఇంటి రిపేరు, రీమోడలింగ్ దాని పరిధిలోకి రావు.

మీకు పనికొచ్చేది వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం ఇంటి నిర్మాణం కూడా సేవే. డబ్బు తీసుకుని సరిగా చేయకపోతే సేవాలోపం కిందికి వస్తుంది. మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, మీకు రంగారెడ్డి జిల్లా కమిషన్. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. ఫీజు 5 లక్షల వరకు లేదు, 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు. మీరిచ్చింది 7 లక్షలు కాబట్టి 200. లాయర్ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫైల్ చేయొచ్చు. గొడవ పుట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ముందు 1915 హెల్ప్‌లైన్‌కి ఒక ఫోన్ చేసి చూడండి. త్వరగా తేలాలంటే న్యాయ సేవాధికార సంస్థలో కేసుకి ముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అర్జీ ఇవ్వొచ్చు, దానికి ఫీజు లేదు. అక్కడి నుంచి కాగితం అందితే కూర్చుని మాట్లాడటానికి వచ్చే కాంట్రాక్టర్లు ఉంటారు. వీటన్నిటికీ మీ వాట్సాప్ చాట్లే ఆధారం. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి, ఈ గొడవ తేలేదాకా ఆ ఫోన్ మార్చకండి.

కొత్త మనిషిని పెట్టాల్సి వస్తే అతను ఇప్పుడు చేస్తున్న సైట్‌కి వెళ్లి చూడండి, పూర్తయిన ఇళ్ల ఫొటోలు కాదు. ఇసుక జల్లెడ పడుతున్నారా, ప్లాస్టర్‌కి నీళ్లు కొడుతున్నారా అన్నది నడుస్తున్న పనిలోనే తెలుస్తుంది. బాత్‌రూమ్ వాటర్‌ప్రూఫింగ్, ప్లంబింగ్, టైల్స్ మూడూ ఒకరికే ఇవ్వండి. విడివిడిగా ఇస్తే రేపు కారినప్పుడు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు, మీరు మధ్యలో నలిగిపోతారు.

శ్రావణం ముహూర్తం తేదీ మాత్రం ఎవరికీ చెప్పకండి. ఆ తేదీ తెలిస్తే ఆ వారం ఏమడిగినా ఇస్తారని వాళ్లకి తెలుసు. ఇంకో ఆలోచన చేయండి. మొత్తం ఇల్లు పూర్తవ్వాలని ఎందుకు? కింది బాత్‌రూమ్, వంటగది, ఒక పడకగది, వాటి వైరింగ్, ఈ నాలుగే ముందు పూర్తి చేయించుకుంటే మీరు దిగిపోవచ్చు, నెలకి 16,000 అద్దె ఆగుతుంది. మీరు ఇంట్లో ఉంటే పని కూడా కళ్లముందు జరుగుతుంది. కింది బాత్‌రూమ్‌లో కమోడ్ పక్క గోడకి అత్తగారు పట్టుకుని లేవడానికి స్టీల్ కడ్డీ బిగించమని ఇప్పుడే చెప్పండి.

రేపు ఆ వాల్వ్ కట్టేసి, మరక చుట్టూ గీత గీసి ఒక ఫొటో పెట్టండి. పై బాత్‌రూమ్‌లో ట్రాప్ ఏ గోడకి ఎన్ని అడుగుల దూరంలో ఉందో, కింద మరక అదే గోడకి ఎంత దూరంలో ఉందో కొలిచి రాయండి. నీళ్లు నింపే పరీక్ష అయ్యాక ఏమైందో కూడా చెప్పండి. మొత్తం పగలగొట్టాలా, ట్రాప్ చుట్టూ రెండడుగులు చాలా అన్నది అప్పుడు చెబుతాను.